పులికాట్ ఫైబర్ పడవ: ఊగే క్లీట్, కదిలే రెయిలింగ్ – కేస్ స్టడీ

పడవ 22 అడుగుల పొడవు, 6 అడుగుల 8 అంగుళాల వెడల్పు. వెనక 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్. తిరుపతి జిల్లా తడ దగ్గర, భీమునివారిపాలెం వైపు పులికాట్ సరస్సులో మనుషుల్నీ సామాన్నీ దాటించే పని దీనిది. తయారై తొమ్మిదేళ్లయింది. మరమ్మతుకు వచ్చింది మే నెలలో, నీళ్లు తగ్గి పడవ ఒడ్డుకెక్కిన రోజుల్లో.

ఫిర్యాదులు మూడు. ముందు డెక్ మీద మోకు కట్టే క్లీట్ చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. రెయిలింగ్ కాళ్లు ఆరింటిలో నాలుగు కదులుతున్నాయి. వాన పడితే ముందు డెక్ కింద మోకులు పెట్టే అరలోకి నీళ్లు కారుతున్నాయి. ఈ మూడూ వేరువేరు జబ్బులని యజమాని అనుకున్నాడు. ఆయన అడిగింది ఒకటే: "అన్నా, బోల్టు బిగిస్తే వారం బాగుంటుంది, మళ్లీ వదులైపోతుంది. ఇంకొంచెం లావు స్క్రూలు వేస్తే నిలబడదా?"

నిలబడదు. ఎందుకంటే వదులైంది బోల్టు కాదు, బోల్టు పట్టుకున్న చెక్క. ఈ డెక్ మూడు పొరలు: పైన 3 మి.మీ. ఫైబర్, నడుమ 9 మి.మీ. ప్లైవుడ్, కింద మళ్లీ 3 మి.మీ. ఫైబర్. మొత్తం 15 మి.మీ. బోల్టు పక్కనుంచి నీరు దిగి నడిమి చెక్కను నానబెడితే అది నానిన అట్టలా మెత్తబడుతుంది. అప్పుడు నట్టు బిగించే కొద్దీ పై పొర, కింది పొర దగ్గరకు నలుగుతాయి. బిగువు వచ్చినట్టే ఉంటుంది, చెక్క ఇంకొంచెం అణిగాక మళ్లీ పోతుంది. బిగించిన ప్రతిసారీ సీలెంట్ పగిలి నీటికి దారి ఇంకాస్త వెడల్పవుతుంది. అందుకే బిగించడమే ఈ పడవకు పెద్ద హాని చేసింది.

విప్పకముందే చేసిన పరీక్ష

స్క్రూడ్రైవర్ పిడితో డెక్‌ను ప్రతి రెండు అంగుళాలకూ ఒకసారి తట్టాం. గట్టి చోట టంగుమని మోగుతుంది, నానిన చోట డబ్బుమని చచ్చిన చప్పుడు వస్తుంది. చప్పుడు మారిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టి చుక్కలు కలిపితే హద్దు తేలింది. క్లీట్ చుట్టూ దాదాపు 30 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు. రెయిలింగ్ పాదాల దగ్గర మాత్రం అరచేయంత కూడా లేదు, బోల్టు రంధ్రాల చుట్టూ రూపాయి బిళ్లంత మేర మాత్రమే.

చప్పుడు ఒక్కటే నమ్మకూడదు. లోపల అడ్డపట్టీ ఉన్న చోట కూడా చప్పుడు మారుతుంది. కాబట్టి కింది వైపు నుంచి 3 మి.మీ. బిట్టుతో, పై పొర తగలకుండా, అక్కడక్కడా రంధ్రాలు వేసి బయటికొచ్చిన పొట్టు చూడాలి. లేత రంగులో పొడిగా రాలితే చెక్క బాగుంది. నల్లగా, వేళ్ల మధ్య ముద్దలా అంటుకుంటే తీసేయాల్సిందే. రంధ్రం కింది నుంచి వేయడానికి కారణముంది: పైనుంచి వేస్తే అదే రేపు నీరు కారే ఇంకో రంధ్రమవుతుంది.

రెయిలింగ్ పాదాల చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్ పైనుండే గట్టి రంగు పూత) మీద సాలెగూడులా చీలికలు కనిపించాయి. అవి పాదం ఊగిన గుర్తు. చీలికల పైన రంగు పూస్తే వాటిని దాచినట్టే అవుతుంది, ఊగడం ఆగదు.

విప్పాక బయటపడినవి

క్లీట్ బోల్టులు నాలుగూ ఎం8 (8 మి.మీ. లావు), స్టెయిన్‌లెస్. బయటికి కనిపించే తల, నట్టు రెండూ మెరుస్తున్నాయి. చెక్కలో ఉన్న భాగం గోధుమరంగు తిరిగి గుంటలు పడింది. ఒకదాని నడుము 8 మి.మీ. నుంచి 6 మి.మీ.కు సన్నబడింది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదన్న నమ్మకం ఇక్కడే మోసం చేస్తుంది. ఆ లోహం పైన ఉండే సన్నటి రక్షణ పొర నిలవాలంటే ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. ఉప్పునీటితో తడిసి, గాలాడని చెక్కలో ఇరుక్కున్న చోట ఆ పొర పాడై గుంటలు పడతాయి. పులికాట్ నీటికి ఎండాకాలంలో ఉప్పు బాగా పెరుగుతుంది, ఈశాన్య రుతుపవనాల వానలకు అరణి, కాళంగి నీళ్లు చేరినప్పుడు తగ్గుతుంది. స్టెయిన్‌లెస్‌లో 304 రకం ఈ నీటికి చాలదు. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 కావాలి. అయస్కాంతం పెట్టి ఈ రెంటి తేడా చెప్పలేం, రెండూ దాదాపు అంటుకోవు. మాలిబ్డినం పరీక్ష ద్రావణం చుక్క వేసి చూడాలి, లేదా తల మీద ఏ4 అని ముద్ర ఉన్న బోల్టులే కొనాలి.

కింద అసలు బ్యాకింగ్ ప్లేట్ (నట్ల బలాన్ని వెడల్పుగా పంచే పలక) లేదు. చిన్న వాషర్లు ఫైబర్‌లోకి కుంగి ఉన్నాయి. రెయిలింగ్ పాదాలకు రెండు చోట్ల బోల్టులు తీసేసి సెల్ఫ్‌ట్యాపింగ్ స్క్రూలు వేశారు, అవి పట్టకపోతే పక్కన మళ్లీ రంధ్రం, ఆ పక్కన ఇంకోటి. ఒక పాదం కింద ఏడు రంధ్రాలు లెక్క తేలాయి. పైనంతా సిలికాన్ పులిమారు.

రెయిలింగ్ మీద పడే బలం లెక్క వేసి చూస్తే ఈ నష్టం ఆశ్చర్యం అనిపించదు. కాలు ఎత్తు 600 మి.మీ. మనిషి 50 కిలోల బలంతో పై కమ్మీని నెట్టితే పాదం ఒక అంచు మీద ఎగదన్నుతుంది. ఆ అంచు నుంచి అవతలి బోల్టులకు దూరం 65 మి.మీ. 50ని 600తో హెచ్చించి 65తో భాగిస్తే దాదాపు 460 కిలోలు. రెండు బోల్టులు పంచుకుంటే ఒక్కోదాని మీద 230. దాని కింద 12 మి.మీ. వాషర్ ఉంటే ఆనే జాగా రంధ్రం పోను 80 చదరపు మి.మీ., అంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 3 కిలోలు. ప్లైవుడ్ ఆరి ఉన్నా ఇది మోయలేనంత ఒత్తిడి. నానితే చెప్పక్కర్లేదు.

క్లీట్ సంగతికి ఇంకో కారణం దొరికింది. సరస్సు చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. పడవ బురదలో కూరుకుంటే జనం మోకు క్లీట్‌కే కట్టి లాగుతున్నారు. క్లీట్ ఉన్నది నిలిపిన పడవను పట్టి ఉంచడానికి. బురద పట్టు విడిపించే లాగుడు దానికి పెట్టకూడదు.

చెక్క తీయడం

కింది అరలోకి చెయ్యి, గ్రైండర్ రెండూ పడుతున్నాయి కనుక క్లీట్ దగ్గర కింది పొరనే 300×180 మి.మీ. కోసి తీశాం. పై పొర జోలికి పోలేదు. పైన కోస్తే పని తేలిక, కానీ జెల్‌కోట్ రంగు, నడవడానికి వేసిన గరుకు కలిసేలా మళ్లీ తేవడం కష్టం. కోత లోతు 3 మి.మీ.కే కట్టేశాం.

ఊడిన ప్లైవుడ్ ముక్క మీద ఏ ముద్రా లేదు. మెరైన్ ప్లై అంటే ఐఎస్ 710 ముద్ర ఉండాలి. అయితే ఈ ముద్ర గురించి ఒక అపోహ ఉంది. మెరైన్ ప్లై జిగురు మరిగే నీటికీ ఊడదు, నిజమే. కానీ పొరల మధ్య ఉన్నది చెక్కే, దాన్ని తడిలో మగ్గబెడితే కుళ్ళుతుంది. ముద్ర ఉన్న ప్లై వేసి రంధ్రాల అంచులు మూయకుండా వదిలేస్తే పదేళ్లలో ఇదే కథ.

రెయిలింగ్ రంధ్రాల దగ్గర కింది పొర కోయాల్సిన అవసరం లేదు. 5 మి.మీ. అలెన్ కీ పొట్టి కొసను పదును పట్టి, 15 మి.మీ. మిగిలేలా కోసి, పొడుగు కొసను డ్రిల్లుకు బిగించాం. దాన్ని 10 మి.మీ.కు పెంచిన రంధ్రంలోకి దింపి నెమ్మదిగా తిప్పితే రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క చుట్టూ 15 మి.మీ. మేర పొట్టుగా వచ్చేస్తుంది. వేగం పెంచితే కొక్కెం పై పొరను గీసి తూట్లు పొడుస్తుంది. ఆరు పాదాలకు 24 రంధ్రాలు. కదలని రెండు పాదాలకూ చేశాం. వాటి చెక్క ఇంకా గట్టిగానే ఉంది, అయినా నీటి దారి వాటికీ తెరిచే ఉంది.

ఉప్పు, తడి

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. ఉప్పునీరు తాగిన చెక్క ఎండలో ఆరినట్టే కనిపించి, రాత్రి గాలిలో తేమను మళ్లీ పీల్చుకుంటుంది. ఆ పీల్చేది ఉప్పు. కాబట్టి ఆరబెట్టే ముందు మంచినీళ్లతో మూడుసార్లు, గంట గంట వ్యవధిలో, కడిగాం. ఆ తర్వాతే ఎండ, ఫ్యాను. రాత్రిళ్లు మంచు పడకుండా టార్పాలిన్ కప్పాం, అయితే కింద గాలాడేలా కర్రల మీద. బల్బు వేడి పెట్టినప్పుడు ఫైబర్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించగలగాలి, అంతకు మించితే పాత రెసిన్ మెత్తబడి వంకర తిరుగుతుంది.

తేమ కొలిచే మీటరు లేకపోయినా లెక్క తీయొచ్చు. కోత అంచుకు 6 సెం.మీ. అవతల రంధ్రం వేసి వచ్చిన పొట్టును నగల తూకం కాటాలో తూచి, పెనం మీద సన్నసెగన మాడకుండా వేయించి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి వందతో హెచ్చిస్తే తేమ శాతం. మొదటి రోజు 31 వచ్చింది. తొమ్మిదో రోజు 13. పన్నెండు దగ్గరికి వస్తే చాలు.

ఈ లోపల సిలికాన్ తొలగింపు. సిలికాన్ పైన మరే సీలెంటూ, రంగూ పట్టదు. నేరుగా శాండ్‌పేపర్ వేస్తే అది అరగదు, డెక్ అంతా పులుముకుంటుంది. ముందు బ్లేడుతో గీకాలి, తర్వాత థిన్నర్ తడిపిన గుడ్డతో ఒకే దిక్కుకు తుడిచి ఆ గుడ్డ పారేయాలి, అలా నాలుగైదు గుడ్డలు మార్చాక 80 నంబర్ శాండ్‌పేపర్. చివర నీటి చుక్క వేసి చూడాలి: పరుచుకుంటే శుభ్రం, పూసలా ముడుచుకుంటే ఇంకా ఉంది.

రెసిన్ పని

కొత్త పని అంతా ఎపాక్సీ రెసిన్‌తోనే. పడవ పాలియెస్టర్‌ది అయినా దానిపైన ఎపాక్సీ గట్టిగా పడుతుంది, చెక్కనూ పట్టుకుంటుంది. తిరగేస్తే కుదరదు: ఎపాక్సీ పైన పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగా గట్టిపడదు, పెచ్చులుగా లేస్తుంది. అందుకే పైకి కనిపించే చోట ముగింపుకు రెండు డబ్బాలవి కలిపి వాడే రకం పాలియురెథేన్ పెయింట్ వేశాం. ఎపాక్సీని ఎండకు వట్టిగా వదిలితే పొడిపొడి అవుతుంది కాబట్టి ఆ పెయింట్ తప్పనిసరి.

మన దగ్గర తేలిగ్గా దొరికే ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డనర్ తీసుకున్నాం. తూకంలో 100కు 10. కంటి అంచనాకు పోకూడదు. హార్డనర్ ఎక్కువైతే తొందరగా గట్టిపడుతుందనుకుంటారు, నిజానికి మిగిలిపోయిన హార్డనర్ ముద్దను జిగటగానే ఉంచేస్తుంది. మే నెల వేడిలో ఒకసారికి 60 గ్రాములకు మించి కలపలేదు. గిన్నెలో లోతుగా ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలొస్తుంది, వెడల్పాటి ట్రేలో పల్చగా పరిస్తే ఇంకాసేపు నిలుస్తుంది.

పని మొదలుపెట్టింది సాయంత్రం ఐదున్నరకు. పొద్దున పూస్తే ఎండ ఎక్కే కొద్దీ చెక్క రంధ్రాల్లో గాలి ఉబ్బి రెసిన్‌లో బుడగలు తెస్తుంది. వేడి దిగుతున్నప్పుడు పూస్తే గాలి ముడుచుకుంటూ రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. ఈ ఒక్క సంగతికే రోజు రెండు పూటల పనిని ఒక పూటకు కుదించుకున్నా నష్టం లేదు.

క్లీట్ దగ్గర క్రమం ఇది. పాత చెక్క అంచులకూ, కొత్త 9 మి.మీ. ఐఎస్ 710 ప్లై ముక్క ఆరు వైపులకూ వట్టి ఎపాక్సీ పూత. అది జిగటగా ఉండగానే ఏరోసిల్ (రెసిన్‌ను చిక్కబరిచే సన్నటి సిలికా పొడి) కలిపి వేరుశనగ చట్నీ ముద్దంత గట్టిగా చేసిన ఎపాక్సీని పై పొర లోపలి వైపు పులిమి, ప్లైని అందులోకి నొక్కి, పాలిథిన్ కాగితం వేసి కర్రలతో కింది నుంచి ఊతం పెట్టాం. నాలుగు అంచుల నుంచీ ముద్ద బయటికి పొంగాలి. పొంగని వైపు ఖాళీ ఉందని అర్థం. మర్నాడు కింది పొర అంచును గ్రైండర్‌తో ఏటవాలు చేశాం. 3 మి.మీ. మందానికి 36 మి.మీ. వాలు, అంటే ఒకటికి పన్నెండు. దానిపైన చదరపు మీటరుకు 600 గ్రాములు తూగే నేత రోవింగ్ (గ్లాసు నూలు గుడ్డ) నాలుగు పొరలు, చిన్నది ముందు, పెద్దది చివర. గ్లాసు దాదాపు 180 గ్రాములు, తడపడానికి రెసిన్ 200 గ్రాములు పట్టింది.

రోవింగ్ బదులు అందరూ వాడే తరుగు మ్యాట్ (గ్లాసు నూలు ముక్కలు అతికించిన పరుపు) వేయకూడదా అంటే, ఎపాక్సీతో వేయకూడదు. ఆ మ్యాట్‌లో నూలును కలిపి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరిగేలా చేసింది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, బంధకం కరగదు, మ్యాట్ తడవక తెల్ల మచ్చలుగా మిగులుతుంది. పైకి గట్టిగానే ఉంటుంది, పొర పొరగా విడిపోయేదాకా తెలియదు.

రెయిలింగ్ రంధ్రాలకు కింద టేపు అంటించి, ముందు పల్చటి ఎపాక్సీ పోసి చెక్క తాగనిచ్చి, మిగిలింది పీల్చేసి, తర్వాత ఏరోసిల్‌తో పాటు గ్లాసు నూలు తరుగు కలిపిన ముద్దను పెద్ద సిరంజితో అడుగు నుంచి పైకి నింపాం. ఒక్కో రంధ్రానికి 9 మి.లీ. వరకు, 24కు వృథాతో కలిపి దాదాపు 350 గ్రాములు. టాల్కం కలిపిన ముద్ద ఇక్కడ పనికిరాదు. అది అరగదీయడానికి తేలిక, నలిగిపోవడానికీ తేలికే. గట్టిపడ్డాక ఉపరితలం మీద తేలే మైనం లాంటి జిడ్డును మంచినీళ్లు, స్క్రబ్బరుతో కడిగి, ఆ తర్వాతే శాండ్‌పేపర్.

మళ్లీ బిగింపు

బ్యాకింగ్ ప్లేటుకు గ్లాస్ ఎపాక్సీ షీటు. క్లీట్‌కు 8 మి.మీ. మందం, 200×120; రెయిలింగ్ పాదాలకు 5 మి.మీ. మందం, 100×100. అల్యూమినియం తేలికే గానీ ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ పక్కన అది తినేయబడుతుంది. స్విచ్ బోర్డుల హైలం షీటు కూడా వాడొద్దు, తేమ పీల్చి అంచులు విచ్చుకుంటాయి. ప్లేటును కూడా ఎపాక్సీ ముద్దలో కూర్చోబెట్టాలి. డెక్ కింది వైపు ఎగుడుదిగుడుగా ఉంటుంది, వట్టిగా పెడితే మూడు చోట్లే ఆనుతుంది.

బోల్టులు 316: క్లీట్‌కు ఎం8×45 నాలుగు, పాదాలకు ఎం6×35 ఇరవై నాలుగు. వాషర్లు ఎం8కు 24 మి.మీ., ఎం6కు 18 మి.మీ. వెడల్పువి. నైలాక్ నట్లు (లోపలి నైలాన్ ఉంగరం వల్ల వదులుకానివి). క్లీట్ ప్లైలోనూ బోల్టు చోట్లను ఇలాగే ముద్దతో నింపాక, కొత్త రంధ్రాలు గట్టిపడ్డ ముద్ద నడిబొడ్డున వేశాం, బోల్టు ఎక్కడా చెక్కను తాకదు. రంధ్రం పై అంచును కౌంటర్‌సింక్ బిట్‌తో 2 మి.మీ. గరాటు చేస్తే సీలెంట్ అక్కడ ఉంగరంలా నిలుస్తుంది. ఆ గరాటు లేకపోతే బిగింపుకు సీలెంట్ అంతా బయటికి పోయి లోహం ఫైబర్‌ను ఆనుతుంది.

క్లీట్‌కు పాలియురెథేన్ సీలెంట్, పాదాలకు బ్యూటైల్ టేపు. బ్యూటైల్ ఎప్పటికీ గట్టిపడదు, రెయిలింగ్ కొద్దిగా ఊగినా చీలదు, రేపు విప్పాలన్నా సులువు. కానీ పెట్రోలు తగిలితే కరుగుతుంది కనుక ఇంధనం పోసే మూత దగ్గర దాన్ని వాడరాదు. పైన ఒకరు బోల్టు తలను కదలకుండా పట్టుకోవాలి, కింద ఇంకొకరు నట్టు మాత్రమే తిప్పాలి. తల తిరిగితే గరాటులోని సీలెంట్ తెగుతుంది. ఎం6కు 6 న్యూటన్ మీటర్లు, ఎం8కు 14. మరకు కొంచెం యాంటీసీజ్ గ్రీజు రాసి చేతి స్పానరుతోనే బిగించాలి. ఇంపాక్ట్ మెషిన్ వేగానికి స్టెయిన్‌లెస్ నట్టు వేడెక్కి బోల్టుకే అతుక్కుపోతుంది, తర్వాత కోయడమే దారి. బ్యూటైల్ వేసిన పాదాలను ఒకేసారి కాక మూడు రోజుల్లో మూడుసార్లు, పొంగింది కోసేస్తూ బిగించాం.

ముందు మొనకు, నీటి గీతకు కొంచెం పైన, ఎం12 యూ-బోల్టు వేరుగా వేశాం. దాని వెనక ఉన్నది చెక్క నడిమి లేని గట్టి ఫైబర్. బురదలోంచి లాగే మోకు ఇక దానికే.

పరీక్ష, ఆరు నెలల తర్వాత

కింది అరలో ప్లేట్ల కింద కాగితం పరిచి ముగ్గుపిండి చల్లి, పైన 20 నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టాం. ఒక్క చుక్క పడినా పిండిలో గుంట కనిపిస్తుంది. ఎక్కడా పడలేదు. క్లీట్‌ను చైన్‌పుల్లీతో, నడుమ వేలాడే కాటా పెట్టి 150 కిలోలకు అడ్డంగా లాగి పది నిమిషాలు ఉంచితే పాదం చుట్టూ గీసిన పెన్సిల్ గీత కదల్లేదు.

డిసెంబరులో, వానలు పోయాక, మళ్లీ తట్టి చూశాం. క్లీట్ దగ్గర మోత గట్టిగా ఉంది, కొత్త చీలికలు లేవు. కుడివైపు మూడో రెయిలింగ్ పాదం కింద మాత్రం ముగ్గుపిండిలో రెండు చుక్కలు పడ్డాయి. విప్పితే కారణం తెలిసింది. ఆ చోట డెక్ పక్కకు వాలుతుంది, పాదం మాత్రం చదును. లోపలి అంచున బ్యూటైల్ కాగితమంత పల్చబడింది, బయటి అంచున 2 మి.మీ. మిగిలింది. మందం ఎక్కువున్న వైపే అది కొద్దికొద్దిగా జారి నీటికి సందు ఇచ్చింది. కింద చెక్క లేదు, ఎపాక్సీ ముద్దే ఉంది కాబట్టి నానిందేమీ లేదు, నీరు బోల్టు పక్కనుంచి నేరుగా కిందికి కారింది. పాదానికి మైనం పూసి, డెక్ మీద ఎపాక్సీ ముద్ద పెట్టి, పాదాన్ని నిటారుగా నిలిపి నొక్కి, అది గట్టిపడ్డాక పాదం లేపితే ఆ వాలుకు సరిపడే పీట తయారైంది. దానికి రంగు వేసి, కొత్త బ్యూటైల్‌తో బిగించాం. అదే వాలు ఉన్న ఎడమవైపు మూడో పాదానికి కూడా, కారకముందే, అలాంటి పీట వేశాం.